అపానమునకు ఆహుతి

విస్తరి ముందు కూర్చుండి, అన్నముచుట్టు నీరు త్రిప్పి పరిషేచనము చేసి, ఆపోశనము పట్టి, వ్రేళ్ళకొనలతో నాలుగేసి మెతుకులు తీసికొని, ప్రాణాదులగు పంచవాయువులకు ఐదాహుతులు సమర్పించిన పిమ్మటగాని భోజనమునకు ఉపక్రమింపని పెద్దలు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. ఆ యైదింటిలో మొదటిది ప్రాణమునకు, రెండవది అపానమునకు. దేహములోని మలమును క్రిందికి నడిపి వెలికి పంపు శక్తికే అపానమని పేరు. అన్నము ఇంకను గొంతు దిగకమునుపే, ఆ యన్నపు శేషమును రేపు బయటికి గొనిపోవలసిన దేవతను తలచుకొని, అతనికి భాగ మిచ్చి, ఆ మీదట ఆకలి తీర్చుకొను ఈ యాచారమునందు ఎంతటి దూరదృష్టి కలదో, ఎంతటి కృతజ్ఞత కలదో, నిత్యము ఆ పని చేయు చేతికే తోచుట అరుదు. మా పెదతండ్రిగారి చేయి ఒకనాడు ఆ రెండవ యాహుతికడ ఆగిపోయినది. ఆగిపోయిన ఆ చేతిని చూచినది మొదలు నా మనస్సులో మెదలుచున్న ప్రశ్న ఒక్కటే: దేహములో ఒక ద్వారము మూతపడి వేరొక ద్వారము తెరువబడినంతమాత్రమున మనుష్యుని శుచిత్వము పోవునా?

ఆయన గోదావరి సీమలో ఒక ఉన్నతపాఠశాలయందు ముప్పది యేండ్లు తెలుగు పండితులుగా పని చేసిన వారు. మలముతో రక్తము పడుచుండగా మూలశంక యనుకొని, నోరు విప్పి చెప్పుటకు సిగ్గుపడి, ఇంచుమించు ఏడాది కాలము పథ్యములతోడను, నాటుమందులతోడను గడిపిరి. చివరకు పట్టణమునకు గొనిపోగా అది పురీషనాళమునకు పట్టిన కాన్సరని తేలినది. గుదద్వారమునకు మిక్కిలి దగ్గరగా నుండుటచేత, ముందు కొన్ని వారములు కరెంటు పెట్టి, పిదప ఆపరేషను చేసి, గుదముతో సహా ఆ భాగమును తీసివేసి, క్రింది ద్వారమును శాశ్వతముగా కుట్టివేసి, పెద్దపేగు కొనను బొడ్డునకు ఎడమప్రక్క కొంచెము దిగువగా పొట్టపైకి తెచ్చి అమర్చిరి. దానికి స్టోమా అని వైద్యుల పేరు. మన యిండ్లలో 'సంచి పెట్టారు' అందురు.

ఆసుపత్రినుండి పంపివేయుటకు ముందునాడు, సంచి మార్చుట నేర్పుటకై ఒక నర్సమ్మ వచ్చినది. గోరువెచ్చని నీటి గిన్నె పట్టుకొని నేను ప్రక్కన నిలుచుంటిని. పాత సంచిని మెల్లగా ఊడదీసి, మెత్తని గుడ్డతో చుట్టును తుడిచి, కొలతకాగితము ఆనించి చూచి, క్రొత్త బిళ్లలో ఆ కొలతకు సరిపోవునట్లు కత్తెరతో రంధ్రము కత్తిరించినది. పెదవి లోపలి చర్మమువలె ఎర్రగా, తడిగా నున్న పేగుకొనను చూచి పెదతండ్రిగారు గోడవైపు ముఖము త్రిప్పుకొనిరి. "ఇది పుండు కాదు తాతగారూ, మీ పేగే. ఒకసారి ముట్టుకోండి, నొప్పి ఉండదు" అని ఆమె ఆయన వ్రేలిని తన వ్రేళ్ళతో పట్టి దానిపై ఉంచినది. నిజముగనే నొప్పి లేదు, ఏలయన తాకినచో బాధ తెలిపెడి నాడులు ఆ పొరయందు లేవు. పిదప బిళ్లను అంటించి, అరచేతి వెచ్చదనమునకు అది చర్మమును చక్కగా పట్టుకొనువరకు అదిమి ఉంచినది. ఆమె ముఖమున ముడుత ఒక్కటియు లేదు. ఆమె చేసిన ఆ పనిని నేను ఇప్పటికిని ఒక పూజగానే తలచుచుందును.

ఇంటికి వచ్చిన మొదటినాడు మా పెద్దమ్మ యథాప్రకారము విస్తరి వేసినది. ఆయన పరిషేచనము చేసిరి. మొదటి యాహుతి గ్రహించిరి. రెండవదానికి మెతుకులు తీసిన చేయి నోటివరకు రాక నిలిచిపోయినది. మెతుకులను విస్తరిలో విడిచి, మౌనముగా భోజనము ముగించి లేచిరి. మరునాటినుండి మంచము వసారాలో వేయించుకొని, దేవుని గది గడప దాటుట మానివేసి, పరిషేచనము లేకయే అన్నము తినసాగిరి. పెద్దమ్మ అడుగగా, "ఈ సంచి కట్టుకుని దేవుడి ముందు ఎలా కూర్చోనే? నేనింక మడికి పనికిరాను" అనిరి. రోగము పోయినదని వైద్యులు సంతసించిరి. రోగి మాత్రము ఇంకను ఇంటికి రాలేదు.

ఈ రోగమునకు జరిగిన చికిత్సయొక్క చరిత్రను తిరుగవేసి చూచినచో, శతాబ్దికిపైగా వైద్యులును ఇదే ప్రశ్నవైపు మెల్లమెల్లగా నడచివచ్చినట్లు తెలియును. 1908లో లండనులో ఎర్నెస్టు మైల్సు, కడుపువైపునుండియు క్రిందినుండియు ఒకే ఆపరేషనులో చేరి రోగభాగమును సమూలముగా తొలగించు పద్ధతిని ప్రకటించినపుడు, ప్రాణము నిలుచుటయే పరమార్థము. శాశ్వతముగా పొట్టపై ద్వారముతో బ్రతుకుట ప్రాణమునకై చెల్లింపవలసిన మూల్యము. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో క్లాడ్ డిక్సను, పైభాగమున నున్న రోగమును మాత్రము కోసి, మిగిలిన కొనలను మరల కలిపి, సహజద్వారమును నిలుపవచ్చునని చూపెను. 1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డు, పురీషనాళమును చుట్టియున్న కొవ్వుపొరను చిరుగనీయక, మూటను విప్పకుండ తీసినట్లు సంపూర్ణముగా తీయవలెనని బోధించిన పిమ్మట, తీసినచోటనే రోగము తిరిగి తలయెత్తుట చాలవరకు తగ్గినది. ఆ మీదట బ్రెజిలు దేశమున ఆంజెలిటా హాబ్ర్-గామా, కరెంటుతోడను మందులతోడను రోగము పూర్తిగా కరగిపోయిన కొందరికి కత్తి పెట్టకయే కనిపెట్టుకొని యుండవచ్చునని 2004లో తన అనుభవమును ప్రకటించెను. ప్రాణము కాపాడుట, ద్వారము కాపాడుట, అవయవమునే కాపాడుట, ఇట్లు ఒక్కొక్క మెట్టుగా ఎక్కిన వైద్యము, చివరకు 'బ్రతికితివి గదా' అని తృప్తిపడక 'ఎట్లు బ్రతుకుచున్నావు' అని అడుగుట నేర్చినది.

ఆ ప్రశ్న క్రొత్తదని మన మనుకొనరాదు. స్వస్థుడనగా నెవడని సుశ్రుతుడు నిర్వచించుచు, దోషములును, అగ్నియు, ధాతువులును, మలక్రియయు సమముగా నుండుటను పేర్కొని, అంతటితో ఆగక, ఆత్మయు ఇంద్రియములును మనస్సును ప్రసన్నముగా నుండవలెననెను. ఒక్క వాక్యములోనే మలక్రియను, ఆత్మప్రసన్నతను కూర్చుండబెట్టిన ఆ మహావైద్యునికి వాటి నడుమ అంతరము కానరాలేదు. చరకుడు ప్రాణమునకు ఆశ్రయములైన పదింటిని లెక్కించునపుడు శిరస్సును, హృదయమును చెప్పిన నోటితోనే గుదమును సైతము చెప్పెను. చెప్పుటకు సిగ్గుపడి మా పెదతండ్రిగారు ఏడాది పోగొట్టుకొనిన అవయవమును, ఆయన నమ్మిన శాస్త్రము సిగ్గులేక ప్రాణస్థానమని కీర్తించినది.

అట్లని సహజద్వారము నిలిచినంతనే సుఖము నిలుచునని తలంచుటయు పొరపాటే. నా మిత్రు డొకడు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. అతనికి రోగము కొంచెము పైభాగమున నుండుటచే, దానిని తీసివేసి, పెద్దపేగును దిగువకు తెచ్చి గుదమునకు సమీపమున కలిపిరి. కుట్లు మానువరకు కొన్ని నెలలు సన్నపేగును పొట్టపై తెరచి సంచి పెట్టి, పిదప దానిని మూసివేసిరి. సంచి పోయిన దినమున ఇంటిల్లిపాదియు పండుగ చేసికొనిరి. కాని పురీషనాళము మలమును కొంతసేపు నిలువచేసి, 'ఇంక పొమ్ము' అని సమయము తెలిపెడి తొట్టివంటిది. ఆ తొట్టి పోయినది. దానికి కబురు చేరవేయు నాడులు కొన్ని కత్తికిని, కొన్ని కరెంటుకును లోనైనవి. ఇప్పుడతడు దినమునకు పదిసార్లు, ఒక్కొకప్పుడు పదునైదుసార్లు పోవలసివచ్చుచున్నది. ఒకసారి పోయివచ్చి కూర్చుండగనే మరల పిలుపు. ఆఫీసుకు పోవు త్రోవలో ఏ పెట్రోలుబంకున మరుగుదొడ్డి శుభ్రముగా నుండునో, ఏ హోటలువాడు లోనికి రానిచ్చునో అతనికి కంఠస్థము. పెండ్లిండ్లకు పోవుట మానినాడు. భజనకు వచ్చినను తలుపునకు దగ్గరగా, చివరి వరుసలో కూర్చుండును. అతని పొట్టపై సంచి లేదు కావున, అతని కష్ట మెవ్వరికిని కనబడదు.

ఈ బాధకు వైద్యులు 'లార్స్' అని పేరు పెట్టిరి. 2012లో డెన్మార్కు పరిశోధకులు దీనిని కొలుచుటకు ఐదు ప్రశ్నలు కూర్చిరి: వాయువు నిలుపగలుగుచున్నావా, పలుచని మలము జారుచున్నదా, దినమునకు ఎన్నిసార్లు పోవుచున్నావు, గంటలోపల మరల పోవలసివచ్చుచున్నదా, వెంటనే పరుగెత్తవలసినంత తొందర కలుగుచున్నదా. 42 అంకెలలో 30 గాని అంతకు మించి గాని వచ్చినచో బాధ తీవ్రమని లెక్క. ఈ శస్త్రచికిత్స పొందినవారిలో సుమారు 40 శాతము మందికి తీవ్రమైన బాధయే కలుగుచున్నట్లు పెక్కు అధ్యయనములను కలిపి చూచినవారు చెప్పిరి. మొదటి యేడాది రెండేండ్లలో కొంత కుదుటపడును. ఆహారనియమము, ఇసబ్గోలు, విరేచనమును తగ్గించు మాత్రలు, కటికండరముల వ్యాయామము, గుదమునుండి నీరెక్కించి పేగును ఖాళీచేయు పద్ధతి మున్నగునవి ఉపశమనము నిచ్చును. కొందరికి మాత్రము ఆ బాధ తోడునీడయై మిగిలిపోవును. అట్టివారిలో కొందరు, అన్నియు విఫలములైన పిమ్మట, శాశ్వతముగా సంచియే కావలెనని తామే కోరి పెట్టించుకొని, ఊపిరి పీల్చుకొందురు. సంచితో బ్రతుకువారి జీవితము సహజద్వారముతో బ్రతుకువారి జీవితముకంటె తప్పక హీనమని నిర్ణయింపజాలమని, ప్రపంచపు అధ్యయనములను క్రోడీకరించి చూచిన పండితులు తేల్చిరి. ఏ ద్వారము నిలిచినదన్న దానినిబట్టి ఆనందము తూచబడుటలేదన్నమాట.

మరి దేనినిబట్టి? ప్రపంచ ఆరోగ్యసంస్థ జీవనగుణమును నిర్వచించుచు, మనుష్యుడు తాను జీవించు సంస్కృతియందును, విలువలయందును నిలిచి, తన ఆశలకు, ఆదర్శములకు ఎదురుగా తన జీవితమును తానే ఎట్లు చూచుకొనుచున్నాడో అదియే జీవనగుణమని చెప్పినది. ఈ మాటను మన పెద్దలకు అన్వయించి చూడుడు. నిత్యము మడి గట్టుకొని ఆచమించిన వానికి దేవుని గది గడపయే కొలబద్ద. ఐదుపూటల నమాజు చేయు ముసల్మానునకు, ప్రార్థనకు ముందు కడిగికొని పొందిన శుద్ధియైన వుజూ నిలుచునా యనుటయే కొలబద్ద. కావున శౌచమునుగూర్చిన ప్రశ్న వైద్యమునకు వెలుపలిది కాదు. అది వైద్యమున మిగిలిపోయిన శేషభాగము.

ఇక శాస్త్రమే ఏమనుచున్నదో చూతము. బొడ్డునకు పైనున్న రంధ్రములు శుద్ధములు, దిగువ నున్నవి అశుద్ధములు అని మనుస్మృతి చెప్పిన మాట మా పెదతండ్రిగారికి కంఠపాఠము. వారి వేదనకు ఆధారమును అదియే. కాని ఆ శ్లోకముననే, దేహమునుండి జారిన మలములు అశుద్ధములని కూడ కలదు. లోపలనున్నంతవరకు అందరమును ఆ భారమును మోయువారమే. ఘనాపాఠియు మోయును, పసిబిడ్డయు మోయును. మలము జారిన పిమ్మట దానిని తొలగించి, నీటితో కడిగికొనుట శౌచము. శౌచమనునది చేయవలసిన క్రియ. దేహపటమున గీచిన సరిహద్దుగీత కాదు. పూర్వము మృత్తికతో, నీటితో చేసిన ఆ క్రియనే, ఇపుడు గోరువెచ్చని నీటితో, మెత్తని గుడ్డతో పొట్టపై చేయవలసి వచ్చినది. క్రియ మారలేదు, చోటు మాత్రమే మారినది.

పతంజలి శౌచమువలన తన దేహమునందు తనకు జుగుప్స కలుగునని చెప్పెను గదా యని కొందరందురు. నిజమే. కాని ఆ జుగుప్స దేహమమకారమును సడలించుటకై సాధకుడు తనవైపు త్రిప్పుకొను దృష్టి. పరుని దేహముపై ముక్కు మూసికొనుటకు ఇచ్చిన అధికారము కాదు. ఆ వెంటనే ఆయన, శౌచమునకు ఫలములుగా సత్త్వశుద్ధిని, సౌమనస్యమును చెప్పెను. ఒకని మనస్సును కృంగదీసి వసారాలోనికి నెట్టిన శౌచము సౌమనస్యమును ఎట్లు ప్రసాదింపగలదు?

రోగియెడల మన ధర్మశాస్త్రములు కఠినములై యుండలేదు. స్నానము చేయలేని వానికి మంత్రస్నానమును, భస్మస్నానమును, మానసస్నానమును విధించినవి. ఏ యవస్థలో నున్నవాడైనను పుండరీకాక్షుని స్మరించినచో లోపలను వెలుపలను శుచియగునని పూజారంభమున ప్రతివాడును చదువు శ్లోకమునకు అర్థము. 'ఏ యవస్థయైనను' అను దానినుండి సంచిని మినహాయించిన వ్యాఖ్యాత నాకు కనబడలేదు. ఇస్లాము ధర్మవేత్తలును, మలమూత్రములు తన యధీనమున లేని రోగిని మన్నింపదగినవానిగా నెంచి, ప్రతి నమాజువేళకును వుజూ చేసికొని ప్రార్థింపవచ్చుననిరి. శ్రీకాళహస్తిలో తిన్నడు నోటినిండ తెచ్చిన నీటితో అభిషేకించి, ఎంగిలి మాంసము నివేదింపగా స్వీకరించిన స్వామి, నీటితో కడిగికొని వచ్చిన ఒక ముసలి పండితుని వెలివేయునా?

వీటన్నిటికంటె లోతైన మాట ఐతరేయోపనిషత్తున నున్నది. దేవతలు పురుషుని దేహమున తమ తమ స్థానములయందు ప్రవేశించు ఘట్టమున, మృత్యువు అపానమై నాభియందు ప్రవేశించెనట. మరల కొంతదూరము పోయిన పిమ్మట, పురుషుడు అన్నమును వాక్కుతో పట్టుకొనజూచెను, చూపుతో పట్టుకొనజూచెను, చెవితో, చర్మముతో, మనస్సుతో పట్టుకొనజూచెను. ఏదియు సాధ్యము కాలేదు. చివరకు అపానముతోనే పట్టుకొనగలిగెను. మృత్యువు ఏ రూపమున దేహమున చేరినదో, ఆ రూపముననే అన్నము స్వీకరింపబడినది. మృత్యువును, జీవనమును ఒకే ద్వారమున కాపురముంచిన ఆ ఋషికి మలద్వారము హేయమని తోచియుండునా? నాభిప్రక్కన తెరువబడిన ఆ చిన్న యెర్రని ద్వారమును చూచినపుడెల్ల నాకా ఉపనిషత్తే జ్ఞప్తికి వచ్చును. లోన చేరిన మృత్యువును వెలికి పంపి, అన్నమును లోన నిలుపుకొనుటకై తెరచిన వాకిలి అది.

మా యూరి ఘనాపాఠిగారికి ఈ సంగతి ఎవరు చెప్పిరో తెలియదు, ఒక యుదయమున వారే కఱ్ఱ పొడుచుకొనుచు వచ్చి వసారాలో కూర్చుండిరి. కుశలప్రశ్నలైన పిమ్మట, "అపానానికి ఆహుతి మానేశావట?" అని అడిగిరి. పెదతండ్రిగారు తలవంచుకొనిరి. "ఇన్నేళ్ళూ అతను చాటున ఉండి పనిచేశాడు, నువ్వు చూడకపోయినా రోజూ అన్నం పెట్టావు. ఇప్పుడు కళ్ళెదుటికి వచ్చి పనిచేస్తున్నాడు. ఎదురుగా వచ్చిన అతిథికా నువ్వు అన్నం పెట్టనిది?" అని, సమాధానమునకు ఎదురుచూడక, "అమ్మాయీ, లోపల రెండు విస్తళ్ళు వెయ్యి. నేనూ ఇక్కడే భోంచేస్తాను" అని పెద్దమ్మతో ననిరి. ఆ పూట ఇద్దరును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించిరి. రెండవ యాహుతి నోటికి చేరుటను నేను చూచితిని.

అటుపిమ్మట నర్సమ్మ సలహాతో, వైద్యుని అనుమతితో, ఆయన ప్రతిదినము తెల్లవారుజామున పొట్టపై ద్వారముగుండా గోరువెచ్చని నీరు ఎక్కించి పేగును ఖాళీచేసికొనుట నేర్చుకొనిరి. పెద్దపేగును పొట్టపై తెరచిన వారిలో పెక్కుమందికి ఈ పద్ధతి సరిపడును. సన్నపేగును తెరచిన వారికి పనికిరాదు. కుదిరినవారికి ఒకసారి చేసికొన్నచో ఆనాడంతయు ద్వారము నెమ్మదిగా నుండును. అది ముగించి, స్నానమాడి, ఆరిన పంచె గట్టుకొని, ఏడు గంటలకు సంధ్యకు కూర్చుండెడివారు. నిత్యకర్మలో శౌచమునకు పెద్దలు కేటాయించిన తెల్లవారుజాముననే ఈ క్రొత్త శౌచమును ఒదిగిపోయినది.

ఈ వ్రాత చదువుచున్న వారిలో రోగులుందురు, రోగులయింటివారుందురు, వైద్యులుందురు. వైద్యులకు నా మనవి ఇది: ఆపరేషనుకు ముందు పొట్టపై సిరాతో గుర్తు పెట్టునపుడు, రోగిని కుర్చీలో మాత్రమే కాక నేలపై పీటమీద కూర్చుండబెట్టి, వంగి మ్రొక్కునట్లు, సజ్దా చేయునట్లు వంగజేసి, పంచెకట్టును, చీరకుచ్చిళ్ళను చూచి గుర్తు పెట్టుడు, మా వాళ్ళు బ్రతుకునది నేలమీద. మూత్రము విడుచుటయందును, దాంపత్యమునందును కలుగగల లోపములను ముందే చెప్పుడు, సిగ్గుపడి వారడుగరు. ఆపరేషను ఒకసారి జరుగును, సంచులు జీవితాంతము కొనవలెను. పాలిథిన్ కాగితమును, పాతగుడ్డను కట్టుకొనువా రింకను ఉన్నారని మరువకుడు. ఇంటివారికి నా వేడికోలు: మంచమును వసారాలో వేయకుడు, వేసికొందునన్నను వేయనీయకుడు. మలముతో రక్తము కనబడిన వారెవ్వరును మూలశంకయని తామే తీర్మానించుకొని కూర్చుండరాదు, ఆ వారముననే వైద్యునికి చూపుకొనవలెను. మా పెదతండ్రిగారు ఏడాది ముందు నోరు విప్పియున్నచో, బహుశః ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే నాకు కలిగియుండదు.